కొవ్వు మానితే సరా? బదులు ఏం తింటున్నాం?

గత పాతికేళ్ళలో తెలుగువారి వంటింటికి రెండు ఉపదేశాలు అందాయి. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఉప్పూ నూనే లేకుండా వండుకోండని మంతెన సత్యనారాయణరాజు చెప్పారు. ఆ మాట పుస్తకాల ద్వారా, టీవీ ద్వారా ఊరూరా పాకింది. ఆ తరవాత వీరమాచినేని రామకృష్ణ వచ్చి అన్నం, చపాతీ, చక్కెర పక్కన పెట్టి రోజుకు 70 నుంచి 100 గ్రాముల దాకా కొబ్బరినూనె వంటి కొవ్వు తీసుకోండన్నారు. ఆయన సభలకూ జనం కిక్కిరిసి వచ్చారు. ఆ దారిలో బరువు తగ్గామన్నవాళ్ళున్నారు, ఈ దారిలో తగ్గామన్నవాళ్ళూ ఉన్నారు. మధ్యలో నలిగిపోయింది మామూలు గృహస్థు. కొవ్వు గుండెకు శత్రువా, మిత్రమా అన్న ప్రశ్నకు ఆయనకు సూటి జవాబు దొరకలేదు. జవాబు దొరకకపోవడానికి కారణం ప్రశ్నలోనే ఉంది. ఏ కొవ్వునైనా విడిగా నిలబెట్టి మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పలేం. దాన్ని మానినప్పుడు ఆ చోటులోకి ఏం వచ్చింది, దాన్ని తిన్నప్పుడు విస్తట్లోంచి ఏం తప్పుకుంది అని చూస్తేనే గుండెపోటు ముప్పు లెక్క తేలుతుంది. అరవై ఏళ్ళ పరిశోధనలో పరస్పరం పొసగనట్టు కనిపించే ఫలితాలన్నీ ఈ ఒక్క సూత్రంతో చాలావరకు సర్దుకుంటాయి.

ఇదేదో నగరాల్లో జిమ్ముకు వెళ్ళేవారి గొడవ అనుకోనక్కర్లేదు. అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరం మండలాన్నే చూడండి. లోపలి ఊళ్ళలో వరి, కొబ్బరి. రేవుపోలవరం, బంగారమ్మపాలెం తీరాన చేపలవేట. పక్కనే ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మల పని. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది ఈ ఎస్. రాయవరంలోనే, మేనమామ ఇంట. తిండికీ ఒంటి బలానికీ ఉన్న ముడిని తన ‘దేశభక్తి’ గీతంలో చెప్పిన కవి ఆయన. ఆనాటి పల్లెకు తిండి చాలకపోవడమే పెద్ద బాధ. ఇప్పటి పల్లె బాధ వేరు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అధ్యయనం జరిగింది. సుమారు 1,80,000 జనాభాలో ఏడాదిలో సంభవించిన మరణాలన్నీ నమోదుచేసి, ఇంటింటికీ వెళ్ళి చివరి రోజుల లక్షణాలు అడిగి కారణం నిర్ధారించారు. 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వాటా 12 శాతమే. అంటే ఇరవై ఏళ్ళ కిందటే కోస్తా పల్లెల్లో గుండెపోటు, పక్షవాతం కలిసి అన్ని జబ్బులకన్నా ముందు వరసలో నిలబడ్డాయి. పైగా మనవాళ్ళకు గుండెపోటు తొందరగా వస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు దక్షిణాసియావారికి 53, మిగతావారికి సుమారు 59. సంసారం ఇంకా భుజాన ఉన్న వయసులోనే ఇంటి పెద్ద కూలిపోతున్నాడన్నమాట.

తిన్న కొవ్వుకూ గుండెకూ సంబంధం ఎక్కడ కలుస్తుందో ముందు తెలుసుకోవాలి. కొవ్వు నీటిలో కరగదు కాబట్టి రక్తంలో ప్రొటీన్ తొడుగున్న రేణువుల్లో ప్రయాణిస్తుంది. వాటిలో ఎల్‌డీఎల్ అనే రేణువులను కాలేయం తన కణాల మీదుండే గ్రాహకాలతో పట్టి రక్తంలోంచి తీసేస్తుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె వంటివాటిలో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వు బాగా తింటే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది, ధమని గోడలోకి దూరి అక్కడే పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ పొర ఒకనాడు పగిలితే దానిమీద రక్తం గడ్డకట్టి గుండె కండరానికి రక్తం ఆగిపోతుంది. నువ్వులు, వేరుశనగ, పొద్దుతిరుగుడు, ఆవాల వంటి గింజల నూనెల్లో ఎక్కువగా ఉండే అసంతృప్త కొవ్వు దీనికి విరుద్ధంగా పనిచేసి ఎల్‌డీఎల్‌ని తగ్గిస్తుంది. ఎల్‌డీఎల్ కేవలం పక్కన నిలబడ్డ సాక్షి కాదు, నేరస్థుడే అనడానికి రెండు బలమైన ఆధారాలున్నాయి. పుట్టుకతోనే అది ఎక్కువగా ఉండే కుటుంబాల్లో చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయి. దాన్ని తగ్గించే స్టాటిన్ మందులు గుండెపోట్లను తగ్గిస్తాయని పెద్ద పెద్ద పరీక్షల్లో రుజువైంది.

అయితే శరీరధర్మం ఇలా ఉందని చెప్పడం వేరు, తిండి మారిస్తే నిజంగా జబ్బు తగ్గిందని చూపడం వేరు. ఆ రెండోది చూపేందుకు మనుషులపై చేసిన పరీక్షలున్నాయి. కనీసం రెండేళ్ళపాటు సంతృప్త కొవ్వు తగ్గించిన 15 పరీక్షలను, 50 వేలకు పైగా మనుషుల వివరాలను కలిపి కోక్రేన్ సంస్థ 2020లో సమీక్షించింది. గుండె, రక్తనాళాల ఘటనలు మొత్తంగా 17 శాతం తగ్గాయి. మొత్తం మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. ఫలితం ఉంది కానీ మహాద్భుతం కాదని నిజాయితీగా ఒప్పుకోవాల్సిన చోటు ఇది. ఫలితం అంత మోస్తరుగా ఎందుకుందో అమెరికాలో నర్సులు, ఆరోగ్యవృత్తుల్లోని మగవారిపై దశాబ్దాలపాటు సాగిన అధ్యయనాల 2015 విశ్లేషణ చెబుతుంది. రోజువారీ శక్తిలో 5 శాతం మేర సంతృప్త కొవ్వు స్థానంలో బహుళ అసంతృప్త కొవ్వు తిన్నవారికి గుండెజబ్బు ముప్పు 25 శాతం తక్కువ. ఏక అసంతృప్త కొవ్వు తిన్నవారికి 15 శాతం తక్కువ, పొట్టు తీయని ధాన్యం తిన్నవారికి 9 శాతం తక్కువ. అదే చోట తెల్లపిండి, చక్కెర వంటివి తిన్నవారికి చెప్పుకోదగ్గ లాభమే లేదు. వెన్న మాని బిస్కెట్ తిన్నవాడు గుండెకు చేసిన మేలు సున్నా.

ఈ వాక్యాన్ని తెలుగు విస్తరి దగ్గర మళ్ళీ చదువుకోవాలి. మన విస్తట్లో కొండంత ఉండేది పాలిష్ పట్టిన తెల్లన్నం. మీద పోసుకునే పప్పు పలుచన, పక్కన కూర కొంచెం. ఇలాంటి మనిషి నూనె భయంతో కూర తగ్గించి ఆకలికి మరో గరిటె అన్నం వేసుకుంటే, కాలేయం ఆ మిగులు పిండిపదార్థాన్ని తానే కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లనే ఆ కొవ్వు పెరుగుతుంది, మేలు చేసే కొలెస్ట్రాల్‌గా పేరుపడ్డ హెచ్‌డీఎల్ తగ్గుతుంది. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2014లో వెల్లడించినదీ ఈ చిత్రాన్నే. మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు 13.9 శాతమైతే హెచ్‌డీఎల్ తక్కువున్నవారు ఏకంగా 72.3 శాతం. ఇప్పుడు మొదట చెప్పుకున్న ఇద్దరి ఉపదేశాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు గుట్టు బయటపడుతుంది. నూనె మానమన్నవారు ముడిబియ్యం, కూరగాయలు, మొలకలు తినమన్నారు. పిండిపదార్థం మానమన్నవారు స్వీట్లను, చిరుతిళ్ళను ఊడ్చేశారు. ఇద్దరి మాట వింటున్నన్నాళ్ళూ పూరీ, బజ్జీ, జాంగ్రీ విస్తరి దిగిపోయాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని రెండు జట్లుగా విడదీసి ఒక జట్టుకు కొవ్వు తక్కువ తిండి, మరో జట్టుకు పిండిపదార్థం తక్కువ తిండి ఏడాదిపాటు సూచించారు. 2018లో ప్రకటించిన ఫలితం ప్రకారం తగ్గిన బరువు 5.3 కిలోలు, 6 కిలోలు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. రెండు జట్లకూ చెప్పిన ఉమ్మడి మాట చక్కెర, తెల్లపిండి తగ్గించి కూరగాయలు పెంచమని. బరువు తగ్గడం వరకు రెండు దారులూ ఒకచోటికే చేరాయి. గుండె సంగతికొస్తే, ఏళ్ళ తరబడి రోజుకు 100 గ్రాముల కొబ్బరినూనె తాగడం క్షేమమని చూపే రుజువు ఏదీ లేదు.

ఇక్కడ చదువుకున్న పాఠకుడు ఒక అభ్యంతరం లేవదీస్తాడు. 2017లో వచ్చిన ప్యూర్ అధ్యయనం కొవ్వును నిర్దోషిగా తేల్చలేదా అని. మన దేశంతో సహా 18 దేశాల్లో 1,35,335 మందిని గమనించిన అధ్యయనమది. పిండిపదార్థం అత్యధికంగా తిన్నవారిలో మరణాలు 28 శాతం ఎక్కువ, కొవ్వు ఎక్కువ తిన్నవారిలో మరణాలు తక్కువ అని తేలిన మాట నిజం. కానీ ఆ అత్యధిక వర్గం తిన్న తిండిలో 77 శాతం శక్తి పిండిపదార్థం నుంచే వచ్చింది. అది రుచి కోసం ఎంచుకున్న తిండి కాదు, చాలాచోట్ల పేదరికం వడ్డించిన తిండి. పప్పు, పాలు, పండ్లు కొనలేని ఇంటి తిండి అలాగే ఉంటుంది. ఆ ఇంటికి వైద్యమూ దూరమే. మరోవైపు, ఎక్కువ కొవ్వు తిన్న వర్గంలోనైనా కొవ్వు నుంచి వచ్చిన శక్తి 35 శాతమే. కాబట్టి ఆ అధ్యయనం నెయ్యిగిన్నె బోర్లించుకోవడానికి అనుమతిపత్రం కాదు. అన్నమే అన్నమైన విస్తరి గుండెకు మంచిది కాదని చెప్పిన హెచ్చరిక అది. మన సూత్రానికి అది విరుద్ధం కాకపోగా మరో వైపు నుంచి దన్ను.

రెండో అభ్యంతరం పాతది, అందరి నోటా వినిపించేది. తాతలు నేతులు తాగి నూరేళ్ళు బతికారు కదా అని. ఈ వాదానికి శాస్త్రం రంగు పూసేవారు ఎస్.ఎల్. మల్హోత్రా పరిశోధనను చూపిస్తారు. రైల్వే ఉద్యోగుల మరణాలను పరిశీలించి 1967లో ఆయన ప్రకటించిన వ్యాసం ప్రకారం, పాలూ నెయ్యీ దండిగా తినే ఉత్తరాదివారికన్నా గింజల నూనెలు వాడే దక్షిణాదివారిలో గుండెజబ్బు మరణాలు ఏడు రెట్లు ఎక్కువ. కొట్టిపారేయదగ్గ పరిశీలన కాదది. అయినా అది పోల్చింది రెండు ప్రాంతాలను. ఏ మనిషి ఎంత నెయ్యి తిన్నాడో, అతని రక్తంలో ఏముందో కొలవలేదు. రెండు ప్రాంతాల మధ్య నెయ్యి ఒక్కటే తేడా కాదు: గోధుమకూ తెల్లబియ్యానికీ తేడా ఉంది, ఒంటి కష్టంలో తేడా ఉంది, మరణ కారణం రాసే డాక్టరు పద్ధతిలో తేడా ఉంది. ఇక తాతల మాట. స్వాతంత్ర్యం నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ చుట్టుపక్కల ఉండేది. నూరేళ్ళు బతికిన తాత మనకు గుర్తున్నాడు, పురిట్లో పోయిన పసివాళ్ళు, కలరాతో పోయిన పాతికేళ్ళవాళ్ళు గుర్తులేరు. కూలి ఇళ్ళలో నెయ్యి పండగనాటి మాట. రోజంతా అరక దున్ని, మైళ్ళు నడిచి, ఒక చెంచా నెయ్యి వేసుకున్న మనిషిని కుర్చీలో కూర్చుని రెండు గరిటెలు పోసుకునే మనిషికి సాక్ష్యం తేవడం కుదరదు.

నెయ్యి పేరు మీద అసలు అపకారం చేసింది మరొకటి. 1937లో మార్కెట్లోకి వచ్చిన డాల్డా, దాని బాటలో వచ్చిన రకరకాల వనస్పతి. ద్రవంగా ఉన్న నూనెకు పాక్షికంగా హైడ్రోజన్ పట్టించి నెయ్యిలా గట్టిపడేలా చేసేటప్పుడు ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. ఇది ఎల్‌డీఎల్‌ని పెంచడమే కాక హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది. రోజువారీ శక్తిలో 2 శాతం దీన్నుంచి వస్తే గుండెజబ్బు ముప్పు 23 శాతం పెరుగుతుందని 2006 నాటి సమీక్ష లెక్కగట్టింది. ‘బదులు’ సూత్రానికి ఇంతకన్నా చేదు ఉదాహరణ లేదు: నెయ్యి ఖరీదని మాని దానికన్నా హానికరమైనదాన్ని తెచ్చుకున్నాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో గఫూరున్నిసా వంటి శాస్త్రవేత్తలు కొవ్వు ఆమ్లాలపై ఏళ్ళ తరబడి చేసిన పని మన దేశంలో ఈ ప్రమాదాన్ని గుర్తించడానికి తోడ్పడింది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2021 జనవరి నుంచి 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం మించకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. చట్టం చేతికందిన చోట పని జరిగింది. చట్టం అందని చోటు బాండీ. కాగిన నూనెనే మళ్ళీమళ్ళీ కాచి పకోడీలు, పునుగులు తీస్తే అది విరిగి హానికరమైన పదార్థాలుగా మారుతుంది. అలాంటి పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది గానీ సాయంకాలం బండి దగ్గర దాన్ని కొలిచేదెవరు? నల్లబడి, నురగ కట్టి, పొగ తొందరగా వచ్చే నూనెలో వేగినదాన్ని కొనకపోవడమే కొనేవాడి చేతిలో ఉన్న కొలత.

డాల్డా తరవాత మన వంటింట్లోకి నిశ్శబ్దంగా వచ్చిన సంతృప్త కొవ్వు పామాయిల్. ఇది చూపును మోసం చేస్తుంది. సంతృప్త కొవ్వంటే గడ్డకట్టేదని మనకు గురుతు. మనం వంటకు వాడే పామోలిన్ రకం కోస్తా వేడిలో పల్చగానే ఉంటుంది కాబట్టి వేరుశనగ నూనెకు తమ్ముడనుకుంటాం. అందులో సంతృప్త కొవ్వు 40 శాతం పైమాటే; నువ్వుల నూనెలో 15 శాతం లోపు, వేరుశనగలో 20 లోపు. పెద్ద చెంచా అంటే సుమారు 14 గ్రాములు. ఆ కొలతకు పప్పునూనెలో (అంటే నువ్వుల నూనెలో) 2 గ్రాములు, పామోలిన్‌లో 6, నెయ్యిలో 8 నుంచి 9, కొబ్బరినూనెలో 12 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 శాతం హద్దు ప్రకారం 2,000 కేలరీల తిండికి రోజు మొత్తానికి 22 గ్రాములు దాటకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉగాదికి మొదలైన ‘అమ్మహస్తం’ కింద 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో లీటరు పామాయిల్ ఒకటి. అదే ప్రభుత్వం 2007 నుంచి ఆరోగ్యశ్రీ కింద గుండె ఆపరేషన్లకు డబ్బు కడుతూ వచ్చింది. పేదవాడికి చవకగా నూనె అందించాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం, నూనె చుక్క లేని కూర కన్నా పామాయిల్ కూర మేలే. కానీ రేషన్ సరుకును ఎంచేటప్పుడు వైద్యం ఖర్చునూ అదే కాగితం మీద రాసి చూడాలి. దేశంలో పామాయిల్ తోటలకు పెట్టింది పేరు ఆంధ్రప్రదేశ్. పరిశోధన సంస్థ కూడా ఏలూరు దగ్గర పెదవేగిలోనే ఉంది. రైతుకు ఆ పంట ఉండనీయండి, సబ్బులకూ పరిశ్రమలకూ అది కావాలి. ప్రతి ఇంటి పోపుకు అదే కావాలన్న రూలు లేదు.

గింజల నూనెలే విషమని, వాటిలోని ఒమేగా-6 ఒళ్ళంతా వాపు పుట్టిస్తుందని ఈమధ్య వీడియోల్లో ప్రచారం సాగుతోంది. 13 దేశాల్లోని 30 అధ్యయనాలను కలిపి 2019లో ప్రకటించిన విశ్లేషణ దీనికి జవాబు. తిన్నామని చెప్పిన మాటల మీద ఆధారపడకుండా రక్తంలో, కణజాలంలో ఉన్న ముఖ్యమైన ఒమేగా-6 కొవ్వు, లినోలిక్ ఆమ్లాన్నే కొలిచారు. అది ఎక్కువున్నవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా ఉన్నాయి. అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన పాత పరీక్షలో మొక్కజొన్న నూనె కొలెస్ట్రాల్ తగ్గించినా ఆయుష్షు పెంచలేదని గుర్తుచేసేవారున్నారు. సరైన ప్రశ్నే. అయితే అందులో చాలామంది ఆ తిండి మీద ఉన్న కాలం చాలా తక్కువ. ధమనిలో దశాబ్దాలుగా పేరుకున్నదాన్ని నెలల్లో తేల్చలేం. గానుగ నూనె ప్రియులకు కూడా ఒక మాట. గానుగలో వాసన, విటమిన్-ఇ వంటివి మిగులుతాయి నిజమే, కానీ కొవ్వు ఆమ్లాల పాళ్ళు రిఫైన్డ్ నూనెలోనూ ఇంచుమించు అవే, కేలరీలు అవే. గానుగదని చెప్పి రెట్టింపు పోసుకుంటే లాభం పోతుంది. కొబ్బరినూనె విషయానికొస్తే, ఇతర గింజల నూనెలతో పోల్చిన పరీక్షలను కలిపిన 2020 సమీక్షలో అది ఎల్‌డీఎల్‌ని డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది. కొబ్బరి కోరు పచ్చడి తినేవారు దీనికి బెదరనక్కర్లేదు, అందులో పీచు ఉంటుంది. కొబ్బరినూనెను మందులా తాగేవారు మాత్రం ఆలోచించాలి.

ఇవన్నీ సంపన్నుల సలహాలు, పల్లెలో ఎవరు పాటించగలరు అన్నది ఆఖరి అభ్యంతరం. ఎస్. రాయవరం లాంటి చోట జవాబు దగ్గరలోనే ఉంది. వేట రేవులకు వచ్చే కవళ్ళు, కానాగడతలు ఖరీదైన వంజరంకన్నా ఎంతో చవక. గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వు వాటిలో పుష్కలం. పులుసు పెట్టుకుంటే ఆ మేలు నిలుస్తుంది, నూనెలో ముంచి వేయిస్తే తగ్గుతుంది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవారు తగ్గించాలి. గుడ్డును వెలివేయనక్కర్లేదు, తిండిలోని కొలెస్ట్రాల్‌కు రోజుకు 300 మిల్లీగ్రాములని పెట్టిన హద్దును అమెరికా కూడా 2015లో తొలగించింది. చిక్కటి గేదెపాలు 300 మిల్లీలీటర్లలో సుమారు 12 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది కాబట్టి మీగడ తీసి తోడుపెట్టుకోవడం మంచిది. పెరుగు విషయంలో అధ్యయనాలు వెన్నంత కఠినంగా లేవు. నూనె కొలత కూడా ఖర్చు తగ్గించేదే. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల తిండికి రోజుకు 27 గ్రాముల నూనె, నెయ్యి కలిపి చాలన్నారు. నలుగురున్న ఇంటికి నెలకు అది మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల పామాయిల్ వాడే ఇల్లు మూడు లీటర్ల వేరుశనగ నూనెకో పప్పునూనెకో మారితే బడ్జెట్ మీద పడే భారం భయపడేంత ఉండదు. అదే ఇంట్లో ఒక గరిటె అన్నం తగ్గి ఆ చోట గట్టిపప్పు, గుప్పెడు వేరుశనగలు చేరితే విస్తరి నిజంగా మారినట్టు.

కొవ్వొక్కటే గుండెను కాపాడదు, చెరచదు. పొగాకు, రక్తపోటు, మధుమేహం, కదలని ఒళ్ళు, వీటి వాటా పెద్దది. చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగే అలవాటు మిగిలిన ఉత్తరాంధ్ర పల్లెలో నూనె మార్చి చుట్ట మార్చకపోతే పని సగమే అయినట్టు. ఇప్పటికే గుండెజబ్బు వచ్చి మందులు వాడుతున్నవారు ఏ తిండి మార్చినా స్టాటిన్ మాత్ర ఆపకూడదు. మాత్రకు తిండి తోడు గానీ ప్రత్యామ్నాయం కాదు. ముప్పై దాటిన ప్రతివారూ రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ ఒకసారైనా పరీక్ష చేయించుకోవాలి. ఇక మీ ఇంట్లో ఈ నెల సరుకుల చీటీ రాసేటప్పుడు నూనె దగ్గర కాస్త ఆగండి. ఏది కొట్టేస్తున్నారో చూసుకున్నాక, దాని బదులు ఏం రాస్తున్నారో కూడా చూసుకోండి. గుండె లెక్క తేలేది ఆ రెండో మాట దగ్గరే.